కుటుంబంతో క్రూయిజ్‌కు వెళ్తున్నాం. టీనేజీ పిల్లలకు వేరే క్యాబిన్ ఇవ్వవచ్చా? ఓడలో వారిని ఎంతవరకు వదలవచ్చు?

విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. మే నెలాఖరులో సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్దామనుకుంటున్నారు. ఓడ పెనాంగ్, ఫుకెట్‌లలో ఆగుతుంది. ఆమె, భర్త, అత్తగారు, ఇంటర్ పూర్తి చేసిన 17 ఏళ్ల కొడుకు, ఎనిమిదో తరగతి చదివే 13 ఏళ్ల కూతురు, అక్కగారి అబ్బాయి, అంటే ఇంజనీరింగ్ చదువుతున్న 19 ఏళ్ల కుర్రవాడు, మొత్తం ఆరుగురు. పిల్లలు ముగ్గురూ తమకు ఒక క్యాబిన్ వేరుగా కావాలంటున్నారు. ప్రయాణం మూడో రోజున కొడుక్కి 18 నిండుతాయి. "ఓడలో ఎక్కడికి పోతారు, ఉన్నదంతా నాలుగు గోడల మధ్యే కదా" అని భర్త అంటున్నారు. పిల్లలను కంటి ముందు నుంచి కదలనివ్వవద్దని అత్తగారు అంటున్నారు.

సూటిగా చెప్పాలంటే: నిబంధనల ప్రకారం ముగ్గురికీ ఒక క్యాబిన్ దొరికే అవకాశం ఉంది. అయినా అలా ఇవ్వవద్దు. మీ వారు ఇద్దరు మగపిల్లలతో ఒక క్యాబిన్‌లోనూ, మీరు అత్తగారు, అమ్మాయి మరో క్యాబిన్‌లోనూ ఉండండి. మధ్యలో తలుపు ఉండే జంట క్యాబిన్లు దొరికితే తీసుకోండి. పగటిపూట పిల్లలను ధారాళంగా వదలండి. రాత్రికి ఒక వేళ పెట్టండి. ఇతరుల క్యాబిన్లలోకి వెళ్లకూడదన్న ఒక్క విషయంలో మాత్రం ఏ మినహాయింపూ ఇవ్వకండి. ఎందుకో వివరంగా చెబుతాను.

నేను 12 ఏళ్లు ప్రయాణికుల ఓడల్లో రిసెప్షన్ విభాగంలో పని చేశాను. అందులో సగానికి పైగా రాత్రి డ్యూటీలే. ఇప్పుడు ద్వారకానగర్‌లో చిన్న కార్యాలయం పెట్టుకుని క్రూయిజ్ బుకింగులు చూస్తున్నాను. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో ఔటర్ హార్బర్‌లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అప్పటి నుంచి మనవాళ్లకు ఓడ ప్రయాణం మీద మక్కువ బాగా పెరిగింది. పిల్లల గురించి అడిగేవారూ పెరిగారు. అది నాకు సంతోషమే. ఎందుకంటే ఎక్కువ మంది ఆహారం గురించీ, వీసా గురించీ అడుగుతారు గాని, పిల్లల సంగతి ఓడ ఎక్కాకే గుర్తు చేసుకుంటారు.

వయసు నిబంధన ఎక్కడి నుంచి బయలుదేరుతున్నామన్న దానిపై ఆధారపడుతుంది. ఇది చాలామందికి తెలియదు. రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీనే తీసుకోండి. ఉత్తర అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడల్లో క్యాబిన్‌కు కనీసం ఒకరు 21 ఏళ్లు నిండినవారు ఉండాలి. అదే కంపెనీ ఓడ ఆసియా నుంచో, ఐరోపా నుంచో, ఆస్ట్రేలియా నుంచో బయలుదేరితే 18 నిండితే చాలు. అందుకే మీ అక్కగారి అబ్బాయి సింగపూర్‌లో పెద్దవాడు, అమెరికాలోని మయామీలో చిన్నవాడు. తల్లిదండ్రుల క్యాబిన్ పక్కనే అయితే మైనర్ పిల్లలకు వేరే గది ఇచ్చే వెసులుబాటు కూడా ఉంది. కార్నివాల్‌లో ఇంకా కట్టుదిట్టం. 21 లోపువారి వెంట 25 ఏళ్లు దాటిన బంధువో సంరక్షకుడో ఉండి తీరాలంటారు. మీ మిత్రులెవరో అమెరికాలో క్రూయిజ్‌కు వెళ్లి వచ్చి చెప్పిన నియమం మీకు వర్తించకపోవచ్చు. మీరు ఎక్కబోయే ఓడ, బయలుదేరే రేవు, ఈ రెండూ చెప్పి కంపెనీ నియమాల పత్రం తెప్పించుకుని చదవండి.

మీ అబ్బాయి పుట్టినరోజు సంగతి. క్యాబిన్ విషయంలో వయసును ఓడ బయలుదేరే రోజున లెక్కిస్తారు. మూడో రోజున 18 నిండినా, బుకింగ్ కాగితాల మీద అతను ప్రయాణం ముగిసేవరకు 17 ఏళ్లవాడే. ఓడ ఎక్కేటప్పుడు అడగరులే అనుకుని బుకింగ్‌లో వయసు ఎక్కువ కనిపించేలా పుట్టిన తేదీ మార్చేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. పాస్‌పోర్టు యంత్రంలో పెట్టగానే అసలు తేదీ తెర మీదికి వస్తుంది.

తేదీల మాట వచ్చింది కాబట్టి మన దగ్గర తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటి చెబుతాను. బడిలో చేర్చేటప్పుడు వేయించిన పుట్టిన తేదీ ఒకటి, ఆసుపత్రి కాగితంలో ఉన్నది ఇంకొకటి. పదో తరగతి మార్కుల జాబితాలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఏది ఉందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఓడకు పాస్‌పోర్టే ప్రమాణం. బుకింగ్ సమయంలో పాస్‌పోర్టును ఎదురుగా పెట్టుకుని తేదీ చెప్పండి. ఇంకో మాట, మైనర్ల పాస్‌పోర్టు మామూలుగా ఐదేళ్లకో, 18 నిండే రోజుకో, ఏది ముందైతే దానితో ముగుస్తుంది. 15 దాటిన పిల్లలకు పదేళ్ల పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసే వీలుంది గాని, అందరూ అలా తీసుకోరు. మీ అబ్బాయిది 18వ పుట్టినరోజుతో ముగిసే పాస్‌పోర్టు అయితే ఓడలో మూడో రోజునే అది చెల్లకుండా పోతుంది. అసలు ఆరు నెలల గడువు లేనిదే సింగపూర్‌లో అడుగు పెట్టనివ్వరు. ఈ సమాధానం చదవడం ఆపి, బీరువా తీసి ముందు అది చూడండి.

అనుమతి పత్రం. మీ పిల్లలిద్దరూ మీ దంపతులతోనే వస్తున్నారు కాబట్టి వారికి అవసరం లేదు. మీ అక్కగారి అబ్బాయికి 19 కాబట్టి ఆసియా ప్రయాణంలో అతనికీ అక్కర్లేదు. కానీ ఇది చదివే ఇతరుల కోసం చెబుతున్నాను. తమ్ముడి కూతురినో, ఆడపడుచు కొడుకునో, స్నేహితుల పిల్లవాడినో మైనర్‌ను తీసుకెళ్తే, ఆ పిల్లల తల్లిదండ్రులలో కనీసం ఒకరు సంతకం చేసి నోటరీ చేయించిన అసలు పత్రం దగ్గర ఉండాలి. ఈ ఓడలో, ఈ తేదీల్లో, ఫలానా వారితో ప్రయాణించడానికీ, అవసరమైతే వైద్యం చేయించడానికీ అనుమతిస్తున్నామని అందులో స్పష్టంగా రాయాలి. రాయల్ కరీబియన్ నియమాల్లో ఇది రాసి ఉంది. మిగతా పెద్ద కంపెనీలవీ ఇంచుమించు ఇలాంటివే.

మా దగ్గర బుక్ చేసుకున్న ఒక కుటుంబం 15 ఏళ్ల మేనకోడలిని వెంట తీసుకెళ్లింది. అమ్మాయి తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉంటారు. పత్రం సంగతి నేను ఫోనులో చెప్పాను. వారు "సరే సరే" అన్నారు, నేను వదిలేశాను. టెర్మినల్‌లో కౌంటర్ దగ్గర అడిగితే వాట్సాప్‌లో తెప్పించిన ఫోటో చూపించారు. ఒప్పుకోలేదు. చివరికి మేనమామ ఆ పిల్లతో సింగపూర్‌లోనే ఒక హోటల్లో నాలుగు రోజులు ఉండిపోయాడు, మిగతావారు ఓడ ఎక్కారు. ఆ పిల్ల తన వల్లే మామయ్య ప్రయాణం పాడైందని ఎంత కుమిలిపోయిందో వారి అత్తయ్య తర్వాత నాకు చెప్పింది. అప్పటి నుంచి నేను ఈ విషయం నోటిమాటగా చెప్పను. పత్రం నమూనా రాసి పంపి, నోటరీ ముద్ర పడిన కాగితం కళ్లతో చూశాకే మిగతా పని మొదలుపెడతాను.

ఇక క్యాబిన్ల సంగతి. నేను తండ్రిని మగపిల్లలతో ఉంచమన్నది అనుమానంతో కాదు. 19 ఏళ్ల కుర్రవాడిని కాగితం మీద పెద్దవాడిగా రాసినంత మాత్రాన అతని మీద రెండు బరువులు పడతాయి. ఒకటి, ఆ గదిలో ఏది జరిగినా జవాబుదారీ అతనే. రెండు, తమ్ముడు మాట వినకపోతే పిన్నితో చెప్పాలా, దాచాలా అన్న ఇరకాటం. సెలవులకు వచ్చిన పిల్లవాడి మీద అంత బరువు పెట్టడం న్యాయం కాదు. 13 ఏళ్ల అమ్మాయిని వరసకు అన్నలే కదా అని ఆ ఇద్దరితో ఒకే గదిలో ఉంచడం కూడా నాకు సమ్మతం కాదు. ఆ వయసులో ఆమెకు బట్టలు మార్చుకోవడానికీ, నెలసరి రోజుల్లో ఇబ్బంది లేకుండా ఉండటానికీ తనదైన చోటు కావాలి. నాయనమ్మ పక్కన అది దొరుకుతుంది. నాయనమ్మకూ రాత్రి బాత్రూముకు లేచినప్పుడు ఓడ ఊగితే పట్టుకోవడానికి ఒక చేయి దొరుకుతుంది.

కొందరు కాగితం మీద ఒక్కో క్యాబిన్‌లో ఒక్కో పెద్దవారిని చూపించి, ఎక్కాక లోపల మార్చుకుంటారు. దంపతులు ఒక గదిలో, పిల్లలు ఒక గదిలో సర్దుకుంటారు. ఓడల్లో ఇది మామూలే, సిబ్బంది పెద్దగా పట్టించుకోరు. అలా చేస్తే రిసెప్షన్‌లో అడిగి రెండో గదికీ తాళం కార్డు చేయించుకోండి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చెప్పే మస్టర్ స్టేషన్ పేరు మీ కార్డు (ఓడలో గది తాళం, గుర్తింపు, చెల్లింపు అన్నీ ఇదే) మీద ఉంటుంది. అది బుకింగ్‌లోని క్యాబిన్‌ను బట్టి ఇస్తారు, మీరు పడుకున్న మంచాన్ని బట్టి కాదు. ఆరుగురి కార్డులూ బల్ల మీద పరిచి, ఎవరిది ఏ స్టేషనో మొదటి సాయంత్రమే చూసుకోండి.

ఆ సాయంత్రం జరిగే భద్రతా డ్రిల్‌ను పిల్లలు తప్పించుకుంటారు. దానికి ఒప్పుకోకండి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన వందలాది మందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాతే అంతర్జాతీయ నిబంధన మార్చి, 2015 నుంచి ఓడ బయలుదేరకముందో, బయలుదేరిన వెంటనేనో డ్రిల్ జరపాలన్నారు. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోనులో వీడియో చూసి, స్టేషన్‌కు వెళ్లి కార్డు చూపించి వస్తే సరిపోతుంది. మీ ముగ్గురు పిల్లలనూ మీ క్యాబిన్ తలుపు నుంచి ఆ స్టేషన్ వరకు లిఫ్టు ఎక్కకుండా ఒకసారి మెట్ల మీదుగా నడిపించండి. పది నిమిషాల పని.

ఓడలో టీనేజీ పిల్లలు కలిసి ఆడుకోవడానికి ఉండే టీన్ క్లబ్ కాపలా కాదు. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. చిన్నపిల్లల క్లబ్బుల్లో తల్లిదండ్రులు సంతకం చేసి వదలాలి, సంతకం చేసి తీసుకెళ్లాలి. టీనేజీ క్లబ్బుల్లో అలా ఉండదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు, వాళ్లంతట వాళ్లే పోతారు. సిబ్బంది ఆటలు ఆడిస్తారు, లోపల గొడవలు జరగకుండా చూస్తారు. మీ అమ్మాయి తొమ్మిదింటికి వచ్చి తొమ్మిదింపావుకు వెళ్లిపోతే ఎక్కడికని అడగరు. అడిగే అధికారం కూడా వారికి లేదు. "క్లబ్‌లో ఉంది" అనే మాటను "ఎవరో చూస్తున్నారు" అని అర్థం చేసుకోకండి.

క్లబ్బుల వయసు విభజన కంపెనీని బట్టి మారుతుంది. ఎంఎస్‌సీ, కార్నివాల్ ఓడల్లో 12–14 వారికి ఒకటి, 15–17 వారికి ఒకటి. నార్వీజియన్‌లో 13–17 అందరూ ఒకే చోట. డిస్నీలో 11–14కు ఒకటి, 14–17కు ఒకటి. మీకు 13 ఏళ్ల అమ్మాయి ఉంది కాబట్టి, రెండుగా విడదీసే ఓడ అయితే ఆమెకు మంచిది. పదమూడేళ్ల పిల్ల పదిహేడేళ్ల వారి గుంపులో ఒక మూల నిలబడి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. మీ అబ్బాయి, అక్కగారి అబ్బాయి మాత్రం ఒకే క్లబ్‌లో ఉండలేరు. 17తో క్లబ్ ఆఖరు. 19 ఏళ్లవాడిని గుమ్మంలోనే ఆపుతారు. ఈ సంగతి విశాఖలోనే వారికి చెప్పండి, లేకపోతే మొదటి రాత్రే అలకలు మొదలవుతాయి.

రాత్రి వేళ విషయానికి వస్తే, రాయల్ కరీబియన్, కార్నివాల్ ఓడల్లో 17 ఏళ్లు, అంతకు లోపువారు పెద్దలు వెంట లేకుండా రాత్రి ఒంటిగంట తర్వాత బయట తిరగకూడదు. అది ఓడ పెట్టిన గీత. మన ఇంటి గీత అంతకంటే ముందుండాలి. నన్నడిగితే అమ్మాయికి పదిన్నర, అబ్బాయికి పన్నెండు. ఆ ఒంటిగంట ఎందుకంటారా, ఒక రాత్రి సంగతి చెబుతాను.

రాత్రి ఒంటిగంటన్నర. రిసెప్షన్ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. నేల తుడిచే యంత్రం దూరంగా తిరుగుతోంది. నైటీ మీద చున్నీ కప్పుకుని ఒకావిడ చెప్పులు లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో మాట అందక "మా బాబు కనిపించడం లేదు" అంది. నేను తెలుగులో "కూర్చోండమ్మా, ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?" అనగానే నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు మంచులా ఉన్నాయి. పిల్లవాడికి 15 ఏళ్లు. క్లబ్ మూసి గంటయింది. ఫోను గదిలోనే చార్జింగ్‌లో ఉంది. భద్రతా సిబ్బందికి కబురు పెట్టాం. కార్డు చివరిసారి ఎక్కడ వాడాడో చూశాం. పదకొండింటికి పైడెక్ మీద ఐస్‌క్రీం దగ్గర కనిపించాడు, ఆ తర్వాత జాడ లేదు. కెమెరాలు చూడటం మొదలుపెట్టారు. ఆమె పదే పదే అద్దాల తలుపు వైపు, దాని అవతలి చీకటి నీళ్ల వైపు చూస్తోంది. నలభై నిమిషాల తర్వాత గ్రంథాలయంలో దొరికాడు. వెనక్కి వాలిన పెద్ద కుర్చీలో, తలుపుకు వీపు పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో నిద్రపోయాడు. కుర్చీ వీపు ఎత్తుగా ఉండటంతో రెండుసార్లు అటువైపు వెళ్లినవారికీ కనిపించలేదు. తల్లి కొట్టలేదు, తిట్టలేదు. నేల మీద కూర్చుని వాడి పాదాలు పట్టుకుని ఏడ్చింది.

ఆ పిల్లవాడు తప్పేమీ చేయలేదు. ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పడానికి వారి ఇంట్లో ఒక పద్ధతి లేదు, అంతే. అందుకే నేను మా దగ్గరకు వచ్చేవారికి నాలుగు అయస్కాంతాలు కొనుక్కోమని చెబుతాను. క్యాబిన్ గోడలు చాలావరకు ఇనుప రేకులే, అయస్కాంతం చక్కగా అంటుకుంటుంది. తలుపు లోపలివైపు ఒక కాగితం పెట్టి, పక్కన పెన్ను కట్టండి. బయటకు వెళ్లే ప్రతి ఒక్కరూ, మీరూ మీ వారూ కూడా, పేరు, ఎక్కడికి, ఎన్నింటికి వస్తారో రాయాలి. పెద్దలు కూడా రాస్తే పిల్లలు దాన్ని నిఘాగా తీసుకోరు. భోజనానికి అందరూ ఒకే బల్ల దగ్గర కలవాలి. మధ్యాహ్నం కుదరకపోయినా రాత్రి భోజనం మానకూడదు. ఫోన్లను నమ్ముకోకండి. నడిసముద్రంలో ఫోను ఓడ నెట్‌వర్క్‌కు తగిలిందంటే రోమింగ్ బిల్లు గుండె ఆగేలా వస్తుంది కాబట్టి అందరూ విమానం మోడ్‌లోనే ఉంచాలి. ఓడ వైఫై మీద నడిచే కంపెనీ యాప్‌లో సందేశాలు పంపుకోవచ్చు. అది కూడా అదనపు సౌకర్యమే గాని, కాగితానికి బదులు కాదు.

ఇతరుల క్యాబిన్లు. ఓడలో పిల్లలకు వచ్చే ముప్పు అంటే తల్లిదండ్రులకు మొదట సముద్రమే గుర్తొస్తుంది. నా అనుభవంలో రాత్రిపూట రిసెప్షన్‌కు వచ్చిన పిల్లల సమస్యల్లో ఎక్కువ భాగం మూసిన తలుపుల వెనుక మొదలైనవే. ఓడ బయలుదేరిన రెండు గంటల్లో పిల్లలు స్నేహితులవుతారు. ఊరు తెలియదు, ఇంటిపేరు తెలియదు, నాలుగు రోజుల తర్వాత మళ్లీ కనబడేది లేదు. ఒకసారి 14 ఏళ్ల అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని నా కౌంటర్ దగ్గరకు వచ్చింది. "అమ్మ గదికి ఎలా ఫోన్ చేయాలి" అని అడిగింది. రిసీవర్ పట్టుకున్న చేయి వణుకుతోంది. క్లబ్‌లో పరిచయమైన అమ్మాయి తన అన్న గదికి తీసుకెళ్లిందట. అక్కడ ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఇద్దరున్నారు, గ్లాసు చేతిలో పెట్టి తాగమని బలవంతం చేశారు. ఈ పిల్ల బాత్రూముకు వెళ్తానని చెప్పి తలుపు తీసుకుని మెట్ల మీదుగా పరుగెత్తుకొచ్చేసింది. ఎవరైనా ఇబ్బంది పెడితే యూనిఫాం వేసుకున్నవారి కౌంటర్ దగ్గరికి పొమ్మని వాళ్లమ్మ మొదటి రోజే చెప్పి ఉంచిందట. ఆ ఒక్క మాట ఆమెను కాపాడింది. విషయం భద్రతాధికారి దగ్గరకు వెళ్లింది. ఆ గదివారిని తర్వాతి రేవులో దింపేశారు.

కాబట్టి మీ ముగ్గురికీ చెప్పండి. స్నేహితులను ఎక్కడైనా కలవవచ్చు: ఈత కొలను దగ్గర, ఆటల గదిలో, భోజనశాలలో. వేరేవారి క్యాబిన్‌లోకి అడుగు పెట్టకూడదు, మన క్యాబిన్‌లోకి ఎవరినీ రానివ్వకూడదు. ఇది మగపిల్లలకూ వర్తిస్తుంది. ఓడ సిబ్బందిలో ఎవరైనా పిల్లలను సిబ్బంది గదుల వైపు రమ్మన్నా, ఫోను నంబరు అడిగినా వెంటనే మీకు చెప్పాలి. సిబ్బందికి అది పూర్తిగా నిషేధం, ఉద్యోగం పోతుందని వారికీ తెలుసు. రిసెప్షన్ 24 గంటలూ తెరిచే ఉంటుంది. దాని నంబరు గదిలోని ఫోను మీదే రాసి ఉంటుంది.

మద్యం గురించి మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో 21 నిండనిదే మద్యం అమ్మకూడదు. రాయల్ కరీబియన్ ఓడలు ఆసియా నుంచి బయలుదేరితే ఆ వయసు 18. అంటే మీ అక్కగారి అబ్బాయి బార్‌లో కార్డు చూపిస్తే ఇస్తారు. అతని విషయం మీ అక్కగారితో ముందే మాట్లాడండి, ఓడలో మీకు తీర్పులు చెప్పే పని పడకూడదు. అతను 17 ఏళ్ల తమ్ముడికి ఒక గుక్క ఇచ్చినా ఇద్దరికీ తప్పే అవుతుంది. ఇంకో చిక్కు: మీ వారు డ్రింక్స్ ప్యాకేజీ తీసుకోవాలనుకుంటే, అదే క్యాబిన్‌లో తాగే వయసు వచ్చిన మిగతావారు కూడా కొనాల్సిందేనని చాలా కంపెనీలు పట్టుబడతాయి. నేను చెప్పిన క్యాబిన్ల అమరికలో మీకు ఇది తగులుతుంది, లెక్క వేసుకోండి. కార్డు మీద పిల్లల ఖర్చుకు రిసెప్షన్‌లో పరిమితి పెట్టించవచ్చు, పూర్తిగా ఆపించనూ వచ్చు. మొదటి రోజే ఆ పని చేయించండి. ఆటల యంత్రాల దగ్గర కార్డు గీకుతూ పోతే డబ్బు పోతున్నట్టే అనిపించదు.

ఈ-సిగరెట్లు. కాలేజీ పిల్లల సంచుల్లో ఇవి ఈ మధ్య కనిపిస్తున్నాయి. సింగపూర్‌లో 2018 నుంచి వాటిని దగ్గర ఉంచుకోవడమే నేరం. థాయ్‌లాండ్‌లోనూ నిషేధమే. మామూలు సిగరెట్‌కు కూడా సింగపూర్‌లో 21 నిండాలి. సంచులు సర్దేటప్పుడే ముగ్గురితో నెమ్మదిగా, నిలదీసినట్టు కాకుండా మాట్లాడండి.

బాల్కనీ తీసుకుంటే, రెయిలింగ్ ఎత్తు దాదాపు 42 అంగుళాలు. నిలబడితే భయం లేదు. ఫోటో కోసం కుర్చీ ఎక్కితేనే ప్రమాదం. గదిలోకి వెళ్లగానే కుర్చీలను గోడవైపు జరిపి, వాటి మీద ఎవరూ నిలబడకూడదని చెప్పండి. ఈత కొలనుల విషయంలో ఆర్కే బీచ్ ఇసుకలో ఆడుకుని పెరిగిన మన పిల్లలకు నీళ్లంటే చనువు ఎక్కువ, ఈత తక్కువ. ఓడ కదులుతుంటే కొలనులో నీళ్లు ఒకవైపు నుంచి మరోవైపుకు ఊగుతాయి. రాయల్ కరీబియన్ 2017లో తమ ఓడల్లో లైఫ్‌గార్డులను పెట్టడం మొదలుపెట్టింది, డిస్నీలో అంతకుముందే ఉన్నారు. కానీ చాలా ఓడల్లో ఇప్పటికీ "లైఫ్‌గార్డు లేరు" అనే బోర్డు మాత్రమే ఉంటుంది. అమ్మాయికి ఈత రాకపోతే మీలో ఒకరు గట్టు మీద కూర్చోవాలి.

రేవుల్లో మైనర్లను ఒంటరిగా దిగనివ్వరు, పెద్దలు వెంట ఉండాలి. అది మంచిదే. మీ ప్రయాణంలో ఫుకెట్ దగ్గర మరీ జాగ్రత్త. థాయ్ సమయం సింగపూర్ సమయం కంటే ఒక గంట వెనుక. ఓడ సింగపూర్ సమయం మీదే నడుస్తుంటే, రేవులో దిగగానే ఫోను తనంతట తాను థాయ్ సమయానికి మారిపోతుంది. ఓడ గడియారం నాలుగున్నర చూపిస్తుంటే పిల్లవాడి ఫోను మూడున్నర అంటుంది. ఇంకా గంట ఉంది కదా అని బజారులో చొక్కాలు చూస్తూ నిలబడతారు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. అబ్బాయిలిద్దరికీ ముళ్లున్న మామూలు చేతి గడియారాలు కట్టి, ఓడ ఎక్కిన రోజున ఓడ సమయానికి పెట్టించండి. మీ వారి పాత గడియారమైనా సరే.

చివరగా మీరు అడిగిన చిన్న ప్రశ్న, టీన్ క్లబ్‌కు వేరే డబ్బు కట్టాలా అని. అక్కర్లేదు, టికెట్టులోనే ఉంటుంది. రాత్రి పది తర్వాత గంటకింతని వసూలు చేసేది చిన్నపిల్లల క్లబ్బులకే. ఎక్కిన రోజు సాయంత్రం క్లబ్‌లో పరిచయ కార్యక్రమం పెడతారు, అమ్మాయిని దానికి తప్పక పంపండి. మొదటి రోజే స్నేహాలు కుదిరిపోతాయి, రెండో రోజు వెళ్లిన పిల్లలు గుంపులో కలవడానికి ఇబ్బంది పడతారు. మీ ఓడలో స్కేటింగ్, గోడ ఎక్కడం లాంటివి ఉంటే సాక్సులు లేకుండా రానివ్వరు, స్కేటింగ్‌కు పొడుగు ప్యాంటు కూడా అడుగుతారు. మనవాళ్లు వేసవి అని అన్నీ నిక్కర్లు, చెప్పులే సర్దుతారు. ముగ్గురికీ రెండేసి జతల సాక్సులు పెట్టండి.